కత్తిరించిన సంతకం

ఈ ఉదయం ఆఫీసు నోటీసు అడుగున పేరు, తేదీ వేద్దామని నీలం మార్కరు మూత తీశాను. ఆ ఘాటు వాసనతో పాటు కోటేశ్వరరావు గారూ గుర్తొచ్చి ఎదుట నిలబడ్డట్టయింది. ఆయన గురించి చెప్పాలంటే ముందు నా తెలివితక్కువతనం ఒప్పుకోవాలి. దొంగకు ధన్యవాదాలు రాసి పంపిన ఘనుణ్ణి నేను.

రెండువేల దశకం మొదట్లో తెనాలిలో నాకు చిన్న నెట్ సెంటరు ఉండేది. అప్పట్లో సొంత వెబ్‌సైటంటే సొంతిల్లంత గొప్ప. ఉచితంగా దొరికిన జాగాలో నేనూ ఒకటి కట్టి, మెరిసే అక్షరాలు, ఎగిరే పావురం, వచ్చిపోయేవారిని లెక్కపెట్టే మీటరు పెట్టాను. అన్నీ ఉన్నాయి, చదవడానికే ఏమీ లేదు. ఆ లోటు తీర్చినవారు కోటేశ్వరరావు గారు. రేపల్లె బస్టాండులో కంట్రోలరుగా రిటైరైనా, వారానికోసారి అక్కడే నిలబడి, తెనాలి, బాపట్ల, పెనుమూడి బస్సులు బోర్డు మీది వేళకు కాక నిజంగా ఏ వేళకు కదులుతున్నాయో చూసేవారు. అవన్నీ తెల్లకాగితం మీద నీలం మార్కరుతో రాసి, బస్సెక్కి నా దగ్గరికి తెచ్చేవారు. తెలుగు టైపు చేస్తే ఒక కంప్యూటర్లో అక్షరాలు, మరోదాంట్లో డబ్బాలు కనిపించే కాలం. అందుకని కాగితాన్నే స్కాన్ చేసి బొమ్మగా పెట్టేవాణ్ణి. ఆయన వేళ్లు రాసిన వేళల కోసం మా మీటరు పరుగెత్తేది.

కాగితం అడుగున ఆయన సంతకం, సరిచూసిన తేదీ ఉండేవి. పేజీకి అందం చెడుతుందని ఆ ముక్క కత్తిరించేవాణ్ణి.

“ఏంటి అబ్బాయ్, అడుగేమైంది?” అన్నారాయన మొదటిసారి చూసి.

బొమ్మ కింద మీ పేరు ఇంగ్లీషులో టైపు చేశానండి అన్నాను.

“సంతకం లేని టైమింగు గాలికబురు. రేపు బస్సు తప్పినవాడు ఎవర్ని తిట్టుకోవాలి? నన్నే. తిట్టడానికైనా పేరుండాలిగా.”

నవ్వాను. కత్తెర మాత్రం మానలేదు.

కొన్నాళ్లకు హైదరాబాదు నుంచి ఓ పెద్ద పోర్టల్ వారు మీ పేజీకి లింకు ఇచ్చుకోవచ్చా అని మెయిల్ పెట్టారు. లింకంటే ఇరువురికీ లంకె అనుకుని, ఉబ్బి, ధన్యవాదాలు రాశాను. తీరా చూస్తే వాళ్ల పేజీలో మా కాగితమే ఉంది. పైన ‘మా పరిశోధక బృందం సేకరణ’ అని. అడుగున పేరు లేదు, నేను ఉంచితేగా! బొమ్మను దింపుకునే శ్రమ కూడా పడలేదు వాళ్లు. నా సైటులోని బొమ్మే తమ పేజీలో కనబడేలా పెట్టుకున్నారు. చమురు నాది, దీపం వాళ్లది. మూడు మెయిళ్లకు ఒక్క జవాబు: నెట్‌లో ఉన్నది అందరిదీనట. అందరిదీ అయితే మీ పేరొక్కటే ఎందుకు పెట్టారయ్యా? ఆ మంట ఇప్పటికీ ఆరలేదు. ఇప్పుడా సొంత సైట్లూ లేవు. ఎవరు రాశారంటే ‘నాకొచ్చింది, పంపాను’ అనేవాళ్లు మిగిలారు. అలాంటి సందేశం ఫోన్లో మోగినప్పుడల్లా నాకు ఆ పోర్టలే గుర్తొస్తుంది.

అసలు దెబ్బ తగిలింది ఆయనకు. బాపట్లలో వియ్యంకుడు, “బావగారూ, మీరు ఆ పోర్టల్లో చూసి దించుతున్నారటగా” అన్నాడట. నలభై ఏళ్లు బస్టాండులో మాట పడని మనిషి. ఆ సంగతి చెబుతున్నంతసేపూ చేతిలోని కాగితం మడత విప్పుతూ, వేస్తూ కూర్చున్నారు.

తప్పుడు వేళలు పెట్టేస్తానండి బాబాయిగారూ, వాళ్ల పరువు పోవాలి అన్నాను.

“పెట్టు. భట్టిప్రోలులో బిడ్డనెత్తుకుని నిలబడ్డ తల్లికి బస్సు తప్పుద్ది. హైదరాబాదులో కూర్చున్నవాడికి ఏం తప్పుద్ది?”

ఆ ఆలోచన అక్కడే వదిలేశాను. నాలుగు రోజులు ఆలోచించి, ఆయన చేత మరో కాగితం రాయించాను. వేళలన్నీ నిక్కచ్చిగా ఉన్నాయి. పైన పెద్దక్షరాలతో: ‘ఇవి రేపల్లెలో నిలబడి నేను చూసి రాసినవి. ఈ పోర్టల్ వారు మా బస్టాండు మొహం చూడలేదు.’ అడుగున సంతకం, తేదీ. మా పేజీకి వేరే బొమ్మ పెట్టుకుని, ఈ కాగితాన్ని పాత బొమ్మ ఫైలు పేరుతోనే నా సైటులో ఎక్కించాను; వాళ్ల పేజీ చూపించేది ఆ పేరున్న బొమ్మనే. ఈసారి అంచు కూడా కత్తిరించలేదు.

ఆయనకు పోర్టల్ తెరిచి చూపించాను. వాళ్ల బృందం పేరు కింద వాళ్ల బండారం, నీలం సిరాలో. తొమ్మిది రోజులు అలాగే ఉంది. తమ పేజీ తామే చూసుకోని మహా పరిశోధకులు!

ఆయన నవ్వుతారనుకున్నాను. కళ్లజోడు సవరించుకుని వేళలన్నీ వేలితో చదివి, ఒక వరుస దగ్గర ఆగారు.

“పెనుమూడి బండి నిన్నట్నుంచి పది నిమిషాలు ముందే కదులుతోంది. ఆళ్ల దాంట్లో కూడా దిద్దు, అబ్బాయ్.”

కొత్త కాగితం ఇచ్చాను. ఆయన దిద్ది, తేదీ మార్చి, మళ్లీ సంతకం పెట్టారు. దొంగవాళ్ల పేజీలో ఆ బస్సు వేళ మారింది, ఆయన పేరు మీదే.