మేకల సందు

ఒక్క మాట. ఒక్కటంటే ఒక్కటే. దాన్ని ఇన్నేండ్ల సంది నెత్తిమీద నీళ్ల బిందె లెక్క మోస్తున్న. దించుదామంటే జాగ దొరకలె. ఒలకపోద్దామంటే ధైర్యం రాలె.

నువ్వెవ్వలో నాకు ఎరుక లేదు. అదే మంచిగైంది. ఎరుకున్నోళ్లకు చెప్పే మొఖం నాకు లేదు. పేరు రాయను. కోనరావుపేట దిక్కు గుట్ట కింది ఊరు మాది, గంత తెలిస్తే చాలు. ఊర్ల నన్ను అడిగితే అందరు ఒక్కటే చెప్తరు, దాని నోట్ల నువ్వుగింజ నానది అని. నిజమే. కడుపుల ఏది దాగదు నాకు. గసోంటి నా నోట్ల గీ ఒక్కటి మాత్రం ఎట్ల దాగిందో, ఎందుకు దాచిన్నో, నన్ను నేను అడుగుకుంటనే ఉన్న.

ముందు దుంకుడు గురించి చెప్పాలె. అది తెల్వకుంటే నేను చేసింది ఎంత పాపమో నీకు అర్థం గాదు.

మా గుట్ట మీదికెల్లి వానకాలంల నీళ్లు దుంకుతయి. అందుకే దాన్ని దుంకుడు అంటం. జలపాతం అని మేమెన్నడు అనలె. గా పేరు ఫోన్లల్ల వీడియోలు తిరిగినంక పుట్టింది. జగిత్యాల, కోరుట్ల కెల్లి కార్లేసుకొని మంది వచ్చుడు మొదలైనంక మా దుంకుడు కూడ జలపాతం అయింది.

దుంకుడుకు రెండు తొవ్వలు ఉండె. ఒకటి రోడ్డు దిక్కు, వెడల్పుది. గా దిక్కుకెల్లి పోతే నీళ్లు దూరంకెల్లే తెల్లగ కనవడతయి. దగ్గరికి వోయేసరికి కండ్లకు అలవాటైపోతయి. ఇంకోటి మా చెల్క చేను ఒడ్డుకెల్లి. రెండు పెద్ద బండల నడుమ, మనిషి పక్కకు తిరిగి పోవాలె, గంత ఇరుకు. లోపల ఎండ తగలది. బండలు చల్లగ, చెమ్మగ ఉంటయి, పాకురు వాసన వస్తది. కండ్లకు ఏం కనవడది. సప్పుడు మాత్రం పెరుగుకుంట వస్తది. ముందు గాలి లెక్క, మళ్ల వాన లెక్క, ఇగ ఆఖరికి నీ గుండెకాయ కొట్టుకునేది నీకే ఇనవడకుంటైతది. మూల తిరుగుతవు. అంతే. నెత్తిమీద దుంకుడు!

మా అన్న నన్ను మొదటిసారి గా తొవ్వల్నే తోల్కపోయిండు. మా నాయన లేడు, నన్ను సాదింది మా అన్ననే. చెయ్యి పట్టుకొని, "కండ్లు మూస్కో చెల్లె, తియ్యమన్నప్పుడే తియ్యాలె" అని నడిపించిండు. తియ్యమన్నడు. తీసిన. నీళ్లు పడుతున్నట్టు అనిపించలె నాకు. మొగులే ఇరిగి మీద పడుతున్నదనుకున్న. నేను ఏడిసిన. భయం గాదది. ఏందో నాకిప్పటికి తెల్వదు. గంత పెద్దది ఒకటి మా ఊరి ఎనుకనే, మా చెల్క పక్కనే, ఎవ్వలను పిలువకుంట, ఎవ్వలను అడుగకుంట తనంతట తాను పడుకుంట ఉన్నదా అని! మా అన్న నవ్విండు. ఆయన కండ్లల్ల కూడ నీళ్లే. నీళ్ల తుంపరలు అన్నడు. అబద్ధం.

మొదటి పెద్ద వానకు దుంకుడు మొదలైందంటే ఊర్ల ఆడోళ్లమంత పసుపు, కుంకుమ, ఒక జాకెట్ గుడ్డ పట్టుకొని గా తొవ్వల్నే కొత్తనీళ్లకు ఎదురువోతుంటిమి. చుట్టం వస్తే ఎదురువోతమా లేదా, గట్లనే. మా అవ్వ గట్లనే ఎదురువోయింది, వాళ్లవ్వ ఎదురువోయింది. గా బండలు రెండు దిక్కులా నడుము ఎత్తున నున్నగ ఉంటయి. మా ఆడోళ్ల చేతులు తగిలి తగిలి అయిన నునుపు అది.

మా అన్న సిరిసిల్లల సాంచాలు నడుపుతడు. మరమగ్గాలనే మా దిక్కు సాంచాలంటం. చిన్నప్పటికెల్లి గా రేకుల షెడ్డుల, గా టకటకల నడుమ నిలవడి నిలవడి చెవులు పోయినయి. కొంచెం కొంచెం పోయినయి, ఆఖరికి మొత్తం పోయినయి. ఆయన మాట్లాడుతడు, గట్టిగనే మాట్లాడుతడు. మనం చెప్పింది పెదవులు చూసి అర్థం చేసుకుంటడు. నన్ను ఊర్లనే ఇచ్చిండ్రు గనుక వానకాలంల మా ఇంటికి వచ్చేటోడు. వచ్చుడు వచ్చుడే చెప్పులు ఇడిసి, సక్కగ గా తొవ్వల్నే దుంకుడు కాడికి.

ఒకసారి ఎనుకనే పోయి చూసిన. నీళ్లు పడే పక్కనే ఒక నల్ల బండ ఉంటది. దానికి వీపు ఆనిచ్చి, కండ్లు మూసుకొని నిలవడ్డడు. మొఖంల ఎంత సుఖం! నన్ను చూసి, గా హోరుల ఇంకింత హోరు వెట్టి, "ఇనవడుతుంది చెల్లె! వీపుకెల్లి ఇనవడుతుంది!" అన్నడు. లోకంల ఏ సప్పుడు ఆయనకు లేదు. బిడ్డ నవ్వింది లేదు, వాన లేదు, నా నోరు గూడ లేదు. గదొక్కటే ఉంది. గా బండకు వీపు ఆనిస్తే గదొక్కటి ఇనవడుతది.

ఇది నాకు ఎరుకే. ఎరుకుండే చేసిన. గది మర్చిపోకు.

మంది పెరిగినంక దుంకుడుకు కంచె వేస్తమని సర్కారోళ్లు అన్నరు. టికెట్ పెడుతరట, కాంట్రాక్టుకు ఇస్తరట. కాంట్రాక్టు మనిషి ఒకాయన మా ఇంటికి వచ్చి మంచిగ మాట్లాడిండు. గేటు పక్కన జాగ నీకే, చాయ్ మిర్చి బజ్జీల కొట్టు పెట్టుకో అన్నడు. పోయేటప్పుడు గుమ్మం కాడ ఆగి, మీ చెల్క దిక్కుకెల్లి మంది పోతే మాత్రం కొట్టు నడువది అక్కా అని నవ్వుకుంట పోయిండు. గంతే. ఇంకేం చెప్పలె. చెప్పాల్సిన పని గూడ లేకుండె.

తెల్లారి కంచె కోసం జాగ కొలిచే సారు వచ్చిండు. నాట్లు పడుతున్న దినాలు. ఊరంత పొలాలల్ల ఉంది. నేనొక్కదాన్నే చెల్క కాడున్న. బండల దిక్కు చూసి అడిగిండు.

"అమ్మా, వీటి నడుమకెల్లి ఊరోళ్లు నడిచే తొవ్వ ఏమన్న ఉందా? ఉంటే చెప్పు. గిక్కడ చిన్న గేటు ఇడిసిపెట్టాలె. ఊరోళ్లకు టికెట్ ఉండది."

చూసినవా? ఎంత సక్కగ అడిగిండో! బెదిరియ్యలె, తికమక పెట్టలె. తొవ్వ ఉందా అని అడిగిండు. నేను బండల దిక్కు చూసిన. గా నునుపు ఎండకు మెరుస్తుంది.

"తొవ్వ ఏంది సారు, అది మేకల సందు" అని చెప్పిన.

"మనుషులు పోరా?"

"మనుషులెవ్వలు పోతరు గంత ఇరుకుల!"

సారు తలకాయ ఊపిండు. పోయిండు. గంతసేపే పట్టింది. మా అవ్వలు, వాళ్లవ్వలు చేతులు రాసి రాసి చేసిన తొవ్వను నేను మేకలకు ఇచ్చిన.

ఎందుకు చెప్పిన? కొట్టు కోసమా? అవును. ఇంట్ల బాధలుండె అని చెప్తే నువ్వు అయ్యో అంటవు. బాధలు ఎవ్వలింట్ల లెవ్వు? బాధలున్న ఆడోళ్లు ఊర్ల ఎంతమంది లేరు, వాళ్లను అడిగితే గిట్ల చెప్తురా? ఒకమాట నిజం చెప్పాల్నా? చెప్పినంక నాకు భయం కాలె. హుషారైంది. ఎంత తెలివిగ చెప్పిన్నో అని ఇంటికి నవ్వుకుంట వచ్చిన.

కంచె పడ్డది. బండల నడుమ ముళ్లతీగ గుంజిండ్రు. ఊరోళ్లు లొల్లి పెట్టిండ్రు. మీ ఊరోళ్లే అది మేకల సందని చెప్పిండ్రు అని కాంట్రాక్టోళ్లు అన్నరు. ఎవ్వలు చెప్పిండ్రో మాత్రం చెప్పలె. గప్పుడు నేనేం చేసిన్నో ఎరుకేనా? అందరి నడుమ నిలవడి, "అట్ల చెప్పినోళ్ల నోట్లె మన్ను వడ! వాళ్ల నాలిక పడిపోను!" అని దుమ్మెత్తి పోసిన. అందరికంటె పెద్ద గొంతు నాదే. పక్కింటామె నా భుజం పట్టుకొని ఊకో అక్కా ఊకో అన్నది. నా నోట్లె నేనే మన్ను పోసుకుంటున్న అని ఆమెకేం ఎరుక!

లొల్లి మెల్లగ సల్లవడ్డది. కొందరు టికెట్ కొనుక్కొని పోయిండ్రు. చానమంది పోవుడే బంద్ చేసిండ్రు. కొత్తనీళ్లకు ఎదురువోవుడు ఆగింది. మనింటికి వచ్చిన చుట్టానికి టికెట్ కొనుక్కొని ఎదురువోతమా?

గా వానకాలంల మా అన్న వచ్చిండు. ముళ్లతీగ కాడికి పోయి, చూసి, తిరిగివచ్చిండు. నేను గేటు కాడ ఊరికెనే పంపిస్తనని సైగ చేసిన. ఇనలె. లైన్ల నిలవడి టికెట్ కొన్నడు. నేను గేటు పక్కన నా కొట్టుకాడికెల్లి చూస్తున్న. లోపల ఇనుప కటకటాలు పెట్టిండ్రు. అక్కడికెల్లి నీళ్లు చూడొచ్చు. నల్ల బండ దూరం. కోరుట్ల నుంచి వచ్చినోళ్లెవ్వలో ఫొటోలు దిగుతున్నరు, వాళ్ల చిన్నపిల్ల ఒకతి నోరు తెరిచి నీళ్లనే చూస్తుంది, చిన్నప్పటి నా లెక్కనే. మా అన్న గా పిల్ల పక్కన నిలవడి చానసేపు చూసిండు. మళ్ల వంగి, కటకటాల కింద దూరిండు.

కావలి పిలగాడు విజిల్ ఊదిండు. మా అన్నకు ఇనవడుతదా? మళ్ల ఊదిండు. నడుస్తనే ఉన్నడు. పిలగాడు ఉరికిపోయి కాలరు పట్టి ఎనుకకు గుంజిండు. మంది చూస్తున్నరు. నా మూకుట్ల బజ్జీలు మాడుతున్నయి. నేను కదలలె. చెవుడు బాబూ, ఇనవడది ఆయనకు అని ఒక్క మాట అరవాలె గదా? ఊరంత ఇనవడే గొంతు నాది. రాలె.

కొట్టు కాడికి వచ్చి కూసున్నడు. టికెట్ చేతులనే ఉంది, తడిసి మెత్తగైంది.

"నీళ్లు పడుతనే ఉన్నయి చెల్లె, సప్పుడు లేదు" అన్నడు. మళ్ల అడిగిండు, "మన తొవ్వ ఏమైంది?"

నా పెదవులు చూస్తున్నడు. మెల్లగ, అర్థమయ్యేటట్టు చెప్పిన. సర్కారోళ్లు మూసిండ్రు.

తల ఊపిండు. చాయ్ తాగిండు. మళ్ల మా ఊరికి రాలె. కాళ్లు నొస్తున్నయి అంటడు. పని ఒత్తిడి అంటడు.

చెప్పకపోలె నేను. చెప్పిన ఒకసారి. ఎట్ల చెప్పిన్నో ఇను. సిరిసిల్లకు పోయిన, షెడ్డుకే పోయిన. సాంచాలన్ని నడుస్తున్నయి. ఆయన నా దిక్కు వీపు పెట్టి తెగిన పోగు అతుకుతుండు. గప్పుడు, ఆయన వీపుకు చెప్పిన. అన్నా, నేనే చెప్పిన, మేకల సందు అని నేనే చెప్పిన, మొత్తం చెప్పిన. ఏడ్సుకుంట చెప్పిన. ఆయన ఎనుకకు తిరిగి నన్ను చూసి, ఎప్పుడొచ్చినవ్ బిడ్డా, చాయ్ తాగుతవా అని నవ్విండు. నేను తాగుత అని తల ఊపిన. ఛీ! చెవిటోని ఎనుక నిలవడి ఒప్పుకున్నదాన్ని. తొవ్వ మూసింది మొదటి తప్పైతే, ఇది దాని మీద ఇంకోటి.

మొన్న వాన గట్టిగ కొట్టింది. పొద్దుగాల గేటు తీయకముందే లోపలికి పోయిన. నన్నెవ్వలు అడుగరు. చెవులల్ల దూది కుక్కుకున్న. కటకటాల కింద దూరి, నల్ల బండకు వీపు ఆనిచ్చి కండ్లు మూసిన.

ముందు ఏం లేదు. చల్లదనం అంతే. మళ్ల వీపుల ఏందో కదిలింది. పక్కబొక్కలు, దవడ, పండ్ల దాక పాకింది. చెవులతోని ఇన్నది ఏం గాదు గది, దుంకుడు మొత్తం నా లోపల్నే పడుతుంది! గుట్టంత మాట్లాడుతుంది, నా ఒళ్లంత ఇంటుంది. ఎంత పెద్దగున్నది అది! ఎంత సేపటికెల్లి, ఎన్ని తరాల కెల్లి ఎవ్వలను ఏమడుగకుంట గిట్లనే మాట్లాడుతుంది! నేను చిన్నప్పుడు ఏడ్సినట్టే ఏడ్సిన. గప్పుడు సమజైంది నేనేం గుంజుకున్నన్నో. నేను ఆయన దగ్గర తొవ్వ గుంజుకున్న అనుకున్న ఇన్నేండ్లు. కాదు. లోకంల ఆయనకు మిగిలిన ఒక్క సప్పుడు గుంజుకున్న.

పంచాయతీల చెప్పాలె. గా సారు ఏడున్నడో, ఆయన జాగల ఎవ్వలున్నరో వాళ్లకు చెప్పాలె. చెప్తనా? కొట్టు పోతది. పక్కింటామె మొఖం చూడాలె. చెప్త అని నీకు మాట ఇస్తలేను. నా మాట మీద నాకే నమ్మకం లేదు. గందుకే ముందు రాస్తున్న. చెవులు పోయినప్పటికెల్లి మా అన్న దొరికిందల్ల చదువుతడు, బజ్జీలు కట్టిచ్చిన కాయితం గూడ సాపు చేసి చదువుతడు. ఇది ఆయన చేతుల పడ్డా పడొచ్చు. చదువుకుంట నల్ల బండ ముచ్చట కాడికి వచ్చేసరికి ఎవ్వలు రాసిండ్రో ఆయనకు ఎరుకైతది. పేరు అక్కర్లేదు.

క్షమించు అని అడుగను. ఈసారి నీ వీపుకు చెప్తలేను. మొఖానికి చెప్తున్న, పెదవులు చూడు.

అన్నా, అది మేకల సందు గాదు. తొవ్వ.