నాలుగు సువార్తల ఇంజన్

మదనపల్లెలో పాత కార్ల ఇంజన్లు బాగుచేసే శాలేము రాజుకు అరవై ఎనిమిదేళ్లు. చర్చిలో సంఘపెద్ద. నాలుగు సిలిండర్ల భాగాలకు నంబర్లు వేయడు. మత్తయి, మార్కు, లూకా, యోహాను అని సుద్దముక్కతో రాస్తాడు. ఎదురుగా టీకొట్టు నడిపే నేను, చాదస్తమని అతన్ని ఎన్నిసార్లు ఎగతాళి చేశానో! "నంబరు మరిసిపోతానేమోగానీ సువార్త మరిసిపోతానా?" అంటాడు.

పోయిన నెల పుంగనూరు రైతు మునికృష్ణ తన తాత కాలం నాటి ల్యాండ్‌మాస్టర్ కారు తెచ్చాడు.

"క్రాంకు జాగ్రత్తప్పా. పోతే ఇంగ యాడా దొరకదు."

ఇంజన్ విప్పి, పిస్టన్లను క్రాంకు ఇరుసుకు కలిపే రాడ్లను గోడకు వరసగా వేలాడదీశాడు శాలేము రాజు. వాటికింద బిగించే నాలుగు క్యాపులను పేర్లు రాసి పళ్లెంలో పెట్టాడు. ఏ క్యాపు ఆ రాడ్డుకే వెయ్యాలి. మారితే క్రాంకు నాశనం.

శనివారం షెడ్డు కడిగేది కూతురు లిల్లీ. ఆ వారం ఆ పిల్ల ఊళ్లో లేకపోవడంతో భార్య విమలమ్మ వచ్చింది. గ్రీజులో సువార్తల పేర్లు చూసేసరికి ఆమెకు ఒళ్లు మండిపోయింది. కిరసనాయిలు గుడ్డతో అన్నీ తళతళలాడేలా తుడిచేసింది.

"యాల తుడిసినావే?"

"దేవుని మాటను మడ్డిలో పొర్లిస్తావా?"

ఆ పూట శాలేము రాజు అన్నం ముట్టలేదు. రెండు రోజులు ఒక్కో క్యాపునూ రాడ్డుకు ఆనించి, అతుకు మీద గోరు నడిపి చూశాడు. తగిలితే అది కాదు. రెండు జతలు తేలాయి. మిగిలిన రెండిట్లో ఎటు వేసినా గోరు తగల్లేదు. చివరికి ఒకటి నమ్మి బిగించాడు.

కారును నేరుగా మునికృష్ణకు ఇవ్వలేదు. "సెడితే నా సేతిలోనే సెడనీ," అని కుప్పం దాకా తోలాడు. పక్కన విమలమ్మ, వెనక నేను. తిరుగుదారిలో పుంగనూరు చేరేదాకా ఇంజన్ ఒక్క చప్పుడైనా తేడాగా చెయ్యలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"గుర్తులు నేనే పోగొట్టినానప్పా. అందుకే కుప్పం పోయి సూసుకోనొచ్చినా," అన్నాడు మునికృష్ణతో.

"సంఘపెద్దవు, అబద్ధమాడొద్దు," అంది విమలమ్మ. "తుడిసింది నేనప్పా."

మునికృష్ణ బానెట్ మీద చెయ్యి పెట్టి ఇంజన్ చప్పుడు కాసేపు విన్నాడు. "బాగుండాది గదమ్మా. రాండి, అన్నం తిందురు," అన్నాడు.

మరుసటి వారం షెడ్డుకు ఇంకో పాత ఇంజన్ వచ్చింది. ఈసారి క్యాపుల మీద సువార్తల పేర్లు రాసింది విమలమ్మే, తుడిచినా పోని ఎర్ర పెయింటుతో.