కొండ కింద దిగిపోయిన పిన్ని

మా సుభాషిణి పిన్నికి కొండలంటే పిచ్చి. పెడనలో కలంకారీ బట్టల మీద అచ్చులేస్తూ, రంగు కాగుల సెగకి ఉడికిపోతూ బతికిన మనిషి కొండని ఎక్కడ చూసిందని అడక్కండి. మా వైపు ఎత్తంటే కాలవగట్టే.

ఆ పిచ్చి శోభనాద్రి బాబాయికీ అంటుకుంది. ఆయన గుడివాడలో కాలేజీ బస్సు నడిపేవాడు. ఫోనులో వీడియోలు చూసి చూసి ఒక పాత వ్యాను కొన్నాడు. సీట్లు పీకేసి పడకలు, గ్యాసు పొయ్యి, నీళ్ళ ట్యాంకు బిగించాడు. "ఊటీ తీసుకెళ్తానే. లాడ్జీలూ గీడ్జీలూ వద్దు, కొండ మీదే వండుకుని కొండ మీదే పడుకుందాం" అనేవాడు పిన్నితో. టెంటు కూడా కొన్నాడు. వేసవిలో బయల్దేరదామనుకుంటూ ఉండగా, మాఘమాసంలో గుండె ఆగి పోయాడు.

ఆ వ్యానులోనే పిన్నిని ఊటీ తీసుకెళ్ళాలని మే నెలలో నేను పట్టుబట్టాను. బాబాయి తల్లి అచ్చమ్మ మామ్మ అడ్డుపడింది.

"ఇంట్లో మనిషి పోయాక ఏడాది తిరక్కుండా కొండెక్కకూడదమ్మా. ఏటిసూతకం."

నాకు ఒళ్ళు మండింది. మేమేమన్నా గుడికి వెళ్తున్నామా? పడవెక్కడానికీ, తోటల్లో తిరగడానికీ సూతకమేమిటి? పిన్ని మాత్రం చీరలు సర్దుకుని వ్యానెక్కింది. గెలిచాననుకున్నాను.

మెట్టుపాళయంలో ఊటీ కొండ కనబడగానే, "కాస్త ఆపండి బాబూ" అంది వ్యాను నడుపుతున్న మా ఆయన ఉమాశంకర్‌తో. సంచి పట్టుకుని దిగిపోయింది.

"నేనిక్కడ రూము తీసుకుంటాను. మీరు వెళ్ళిరండి."

"ఇందుకా పిన్నీ ఇంత దూరం వచ్చింది?"

"మీ బాబాయి చేసిన బండి కొండెక్కుతుంటే చూద్దామనీ."

ఎంత బతిమాలినా వినలేదు. పైన పడవ తొక్కాం, తేయాకు తోటల్లో నడిచాం, టెంటు వేసుకున్నాం. దేని మీదా మనసు నిలవలేదు. పిన్ని ఫోను చేసి, "చలి బాగా ఉందా? నీళ్ళు ముట్టుకుంటే వణుకొస్తోందా?" అని అడుగుతుంటే ఏడుపొచ్చేది.

తిరుగుదారిలో ఎక్కించుకున్నాం. ఉన్నన్ని రోజులూ మబ్బు విడలేదట, కొండ సగమే కనబడిందట. ఆ సగం గురించే ఇంటిదాకా మాట్లాడింది. నేను మాత్రం దారి పొడుగునా అచ్చమ్మ మామ్మని మనసులో తిట్టుకుంటూనే ఉన్నాను.

మొన్న మాఘంలో బాబాయి సంవత్సరీకం అయిపోయింది. మే రాగానే పెడన వెళ్ళాను. ఈసారి మామ్మే ఎదురొచ్చి, "తీసుకెళ్ళమ్మా, ఇంక దోషమేం లేదు. దాని మొహాన కాస్త నవ్వు చూడాలి" అని నా చేతులు పట్టుకుంది. వ్యాను తుడిపించి, ట్యాంకు నింపించి, పిన్నిని రమ్మన్నాను. రానంది.

"మీ అత్తగారే వెళ్ళమంటున్నారు కదా, ఇంకేంటి నీ బాధ?" గట్టిగానే అరిచాను.

"అప్పుడు ఆవిడ వద్దందని ఆగాననుకున్నావా?" పిన్ని నెమ్మదిగానే అంది. "కొండెక్కేశాననుకో, సూతకం తీరిపోయినట్టే కదా తేజా. అప్పుడాయన నిజంగా పోయినట్టే. నాకింకా తీరలేదమ్మా."

మామ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను వ్యాను తాళాలు మేకుకి తగిలించి, ఇంటికెళ్ళడానికి గుడివాడ బస్సెక్కాను.