పాకానికి పోలీసు వెరిఫికేషన్

రక్షణ విధానం మీద పరిశోధన చేసేవాళ్లని జనం ఎప్పుడూ ఒక మెట్టు ఎక్కువ ఊహించుకుంటారు. మేం చేసేది చాలామటుకు పాత పార్లమెంటు ప్రశ్నలు చదవడం, సెమినార్లలో చల్లారిన సమోసాలు తినడం. అయినా సమోసా దగ్గర ఎవరైనా "మీ టాపిక్ ఏంటి?" అని అడిగితే, సమాధానం చెప్పేముందు వాళ్ల బ్యాడ్జి చూడటం నాకూ అలవాటైపోయింది. వాళ్లూ నా బ్యాడ్జి చూసేవాళ్లు. ఒకరి పని ఒకరు చదవం గానీ, అనుమానించుకోవడంలో మాత్రం లోటు చేయం.

నా టాపిక్ పశ్చిమ సరిహద్దు. ఏళ్ల తరబడి గెస్ట్ లెక్చరర్‌గా నెట్టుకొచ్చాక, ఒక యూనివర్సిటీలో పర్మనెంట్ పోస్టు వచ్చింది. పోలీసు వెరిఫికేషన్ ఒక్కటే మిగిలింది. అది శుభ్రంగా వస్తే ఉద్యోగం. రాకపోతే మళ్లీ గెస్టునే, ఈసారి కాస్త అనుమానాస్పదమైన గెస్టుని.

అప్పుడు ఢిల్లీ బేర్ సరాయ్‌లో మూడో అంతస్తు గదిలో ఉండేవాణ్ని. కింద ఇంటాయన కాపురం. గదిలో సిగ్నల్ రాదు కాబట్టి ఫోన్లన్నీ బాల్కనీలోంచే, అదీ అరుస్తూ. ఎక్కువగా మాట్లాడేది కాకినాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ ఆస్పత్రిలో నర్సుగా చేసే ఒక ఆంటీతో. డిసెంబరు వస్తే వాళ్ల చర్చి మొత్తానికీ పాకుండలు ఆవిడే చేస్తుంది. చేతులు ఖాళీ ఉండవని ఫోను స్పీకర్లో పెట్టి, పొయ్యి దగ్గర్నుంచి నాకు కామెంటరీ చెప్పేది.

"పాకం తయారా ఆంటీ?"

"ఎక్కడ! ఈ ఢిల్లీ బెల్లంతో పాకం కుదిరి చావట్లేదు."

"రాత్రికి డబ్బా తయారుగా ఉంచండి, నేనొచ్చి పట్టుకెళ్తా."

తెలుగు రానివాడికి ఇందులో ఏం వినిపిస్తుందో నేనెప్పుడూ ఆలోచించలేదు. పాక్, తయార్, రాత్, డబ్బా. ఇంటాయనకి ఆ నాలుగు ముక్కలే అర్థమయ్యాయి. నా గది గోడమీద సరిహద్దు మ్యాపు ఆయన అంతకుముందే చూశాడు. కొన్నాళ్లుగా మెట్ల మీద ఎదురైనప్పుడల్లా "సబ్ ఠీక్ హై, బేటా?" అని అడిగి, జవాబు వినకుండా నా సంచీ వైపు చూడటం గమనించాను. అద్దె పెంచుతాడేమో అనుకున్నాను. సరిహద్దు అవతలి వాళ్ల ఉద్దేశాల మీద థీసిస్ రాసిన నాకు, కింది అంతస్తు ఉద్దేశం అందలేదు.

వెరిఫికేషన్‌కి ఎస్సై వచ్చిన రోజు నన్ను కిందికి పిలిచారు. ఇంటాయన చెప్పాల్సింది అప్పటికే చెప్పేశాడు.

"పాక్ గురించి ఫోన్లో ఎవరితో మాట్లాడతావ్?" అన్నాడు ఎస్సై.

"అది పాక్ కాదు సార్, పాకం."

"అంటే?"

అక్కడ దొరికిపోయాను. అణు నిరోధక శక్తిని, కాల్పుల విరమణని హిందీలో ఏమంటారో నాకు తెలుసు. పాకాన్ని ఏమంటారో తెలీదు. బెల్లాన్ని ఫలానా వేడి దాకా మరిగిస్తే వచ్చే ద్రావణం అని, సరిగ్గా కుదరకపోతే రాయిలా గట్టిపడుతుందని, అందుకే డబ్బాలో జాగ్రత్తగా పెడతామని వివరించాను. ఎస్సై పెన్ను తీశాడు.

"ఆ మనిషికి ఫోన్ కలుపు. స్పీకర్లో."

కలిపాను. ఎస్సై తాను పోలీసునని చెప్పాడు. అవతల ఆంటీ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"డిజిటల్ అరెస్టా? మా వార్డులో ఇద్దరికి వచ్చాయి ఇలాంటి ఫోన్లు. నాకు ఎవడూ తెలీదు, పెట్టేయ్ భయ్యా!"

"ఆంటీ, నేనే!" అని అరిచాను.

"గొంతులు కూడా తయారుచేస్తున్నారంట ఇప్పుడు. నువ్వే అయితే చెప్పు, పోయిన క్రిస్మస్‌కి నా పాకుండలు ఎలా ఉన్నాయి?"

"చాలా బాగున్నాయండీ."

"దొంగ వెధవా!" ఫోన్ పెట్టేసింది.

ఎస్సై నన్ను చూశాడు. ఇంటాయన ఎస్సైని చూశాడు. నా ఉద్యోగం ఆ సోఫా మీద నా పక్కనే కూర్చుని, లేచి వెళ్లిపోవడానికి సిద్ధమవుతోంది. మళ్లీ కలిపాను.

"ఆంటీ, పాకం ముదిరిపోయింది. ఒకటి కొరికి మా గైడ్ గారు డెంటిస్టు దగ్గరికెళ్లారు."



"నువ్వేరా. ముదిరిందని నాకు తెలీదా! మరి అప్పుడు అద్భుతం అన్నావు కదరా, సన్నాసీ!"

సంగతి చెప్పాను. ముప్పై ఏళ్ల ఆస్పత్రి హిందీలో ఆవిడ ఒక్క మాట అంది: "చాశ్నీ, భయ్యా! గుడ్ కీ చాశ్నీ!" అంటే, బెల్లం పాకం.

ఎస్సై మొహం విచ్చుకుంది. "చాశ్నీ! ఆ మాట ముందే చెప్పొచ్చుగా?" తర్వాత మ్యాపు గురించి అడిగాడు. బజార్లో కొన్నదే అన్నాను. నా పరిశోధన ఎవరు చదువుతారని అడిగాడు. పరీక్షకులు ఇద్దరు, అందులో ఒకాయన చివరిదాకా చదివినట్టు ఆధారాల్లేవు అన్నాను. నా వల్ల ఎలాంటి ప్రమాదమూ లేదని ఆయన అక్కడే రాసేశాడు. అంత తొందరగా రాస్తుంటే కొంచెం చిన్నబుచ్చుకున్నాను.

ఉద్యోగంలో చేరిన రోజు సాయంత్రం ఇంటాయన మెట్ల మీద ఆపాడు. అంత సాక్ష్యం ఉండగా పోలీసులు టీ తాగి వెళ్లిపోవడం ఆయనకి మింగుడుపడలేదట. చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"బేటా, నాకొక్కడికే చెప్పు. నువ్వు మన ఇంటెలిజెన్స్ వాళ్ల మనిషివే కదా?"

"లేదంకుల్, నేను పాఠాలు చెప్పుకునేవాణ్ని."

"అచ్ఛా, అచ్ఛా" అని, లోపలికి వెళ్తూ భార్యతో అనడం వినిపించింది: "చూశావా? వాళ్లు ఒప్పుకోరు."