గంగమ్మ పుంజుకు కంటి చుక్క

బంగారుపాళ్యం నుంచి మామిడి తోపుల మధ్యగా లోపలికి పోతే ఒక చిన్న పల్లె వస్తుంది. ఆ పల్లెలో మునిరత్నమ్మ నోటికి జంకనిది ఆమె అత్త గంగులమ్మ ఒక్కతే. తక్కినవాళ్ళంతా ఆమె ఎదురైతే ఒక మాట తక్కువే మాట్లాడి పక్కకు తప్పుకుంటారు. మనిషి చెడ్డది కాదు, అదేం నోరో గానీ ఊరుకోదు, అంతే. కాయల కాలంలో గుజ్జు ఫ్యాక్టరీలో మామిడికాయలు తరిగే పని, మిగతా రోజుల్లో దొరికిన కూలి. ఇంట్లోకి ఉప్పూ పప్పూ వచ్చేది మాత్రం పెరటి కోళ్ళ మీదే.

అలాంటి కోళ్ళు పోయిన ఎండాకాలంలో కొక్కెర తెగులు తగిలి ఒక్కటీ మిగలకుండా పోయాయి. పొద్దున మెడ వాల్చినవి సాయంత్రానికి లేవు. మునిరత్నమ్మ గుంత తవ్వి అన్నిటినీ పూడ్చింది. చేతులు కడుక్కుని, మళ్ళీ కోళ్ళను పెంచుతాననీ, అవి నిలిస్తే జాతరకు మంచి పుంజును ఇస్తాననీ గంగమ్మకు మొక్కుకుంది. ఆ రాత్రి మాత్రం అన్నం ముట్టలేదు.

చుట్టాల దగ్గర నాలుగు కోడిపిల్లల్ని తెచ్చుకుని మళ్ళీ మొదలుపెట్టింది. అవి పెద్దవై గుడ్లు పెట్టే వేళకు తిరుపతి విశ్వవిద్యాలయం నుంచి జయంతి అనే పశువుల డాక్టరు ఊళ్ళోకి వచ్చింది. మహిళా సంఘంతో కలిసి ఊరికొకరికి పని నేర్పుతామంది. కోడి కంట్లో చుక్కమందు వేస్తే తెగులు రాదంది. మేం కనిపెట్టింది మా గదుల్లోనే ఉండిపోతే ఏం లాభం, మీ పెరట్లోకి రావాలి గదా అంది. ఆ మాట మునిరత్నమ్మకు తెగ నచ్చింది. సంఘంలో ఇంకెవరూ నోరు విప్పకముందే నేను నేర్చుకుంటానని లేచి నిలబడింది. తిరుపతి పోయి నేర్చుకుని, భుజాన చుక్కమందు ఉన్న ఐసు పెట్టె తగిలించుకుని దర్జాగా బస్సు దిగింది. కోళ్ళ డాక్టరమ్మా, నాకూ జలుబు చేసిందని పక్కింటి మునికృష్ణ ఎకసెక్కమాడితే, ముందు కూర్చో నాయనా, రెక్కలు పట్టుకునేవాళ్ళను పిలుస్తానంది.

ఎండలు ముదిరాయి. జాతర ఇంకా కొన్ని వారాలుందనగా, కొండ అవతలి పల్లెలో కోళ్ళు తూగుతున్నాయని కబురొచ్చింది. మునిరత్నమ్మ ఇల్లిల్లూ తిరిగింది. పెట్టల్ని పట్టిచ్చారు, పిల్లల్ని పట్టిచ్చారు, పుంజుల్ని మాత్రం దాచేశారు. మా ఇంట్లో పుంజే లేదని కోమలి చెబుతుండగానే లోపల గంప కింద నుంచి అది గట్టిగా కూసింది. ఇద్దరూ విననట్టే నిలబడ్డారు.

ఎందుకు దాచారో మునిరత్నమ్మకు తెలియక కాదు. ఒకసారి గంగమ్మ పేర విడిచిన పుంజు ఇక అమ్మవారి సొత్తు. దాని కంట్లో మనిషి చేసిన మందు పడితే ఎంగిలైపోతుందనీ, ఎంగిలి పుంజును అమ్మ ముట్టదనీ ఊరి నమ్మకం. మొక్కు తప్పితే వచ్చే కీడంటే తెగులుకన్నా ఎక్కువ భయం.

సంగతి విని జయంతి వచ్చింది. ఇంటికొక పుంజు అట్లాగే ఉండిపోతే తెగులుకు తలుపు తీసిపెట్టినట్టేనని ఊరివాళ్ళకు నచ్చజెప్పింది. అందరూ బుద్ధిగా తలలూపారు, ఒక్కరూ గంప ఎత్తలేదు. చివరికి ఆమె, మరి మీ పుంజుకు వేశారా అని మునిరత్నమ్మను అడిగింది. నిజానికి మునిరత్నమ్మ పుంజూ గంప కిందే ఉంది. సిగ్గుతో చచ్చినంత పనైంది.

"అమ్మకు ఏది ఇష్టమో నా చదువులో లేదు మునిరత్నమ్మా. అది నేను చెప్పగూడదు" అంది జయంతి మెల్లగా.

"అయితే అమ్మనే అడుగుదాం," అంది మునిరత్నమ్మ.

అడిగే పద్ధతి ఊరికి తెలిసిందే. పుంజు మీద పసుపునీళ్ళు చల్లుతారు. అది ఒళ్ళు దులుపుకుంటే అమ్మ ఒప్పుకున్నట్టు, దులుపుకోకపోతే లేదు. మర్నాడు పొద్దున్నే మునిరత్నమ్మ తన పుంజును తెచ్చి గుడి ముందు నిలబెట్టింది. ఊరంతా చేరింది, జయంతి కూడా వచ్చింది. అమ్మ కాదంటే ఇక ఎవరూ పెట్టకోడిని కూడా పట్టివ్వరని మునిరత్నమ్మకు తెలుసు. ఐసు పెట్టె గోడకు తగిలించుకోవలసిందే.

పూజారి తిరుమలయ్య హారతిచ్చి, పుంజుకు చుక్క వేయొచ్చా తల్లీ అని అడిగి పసుపునీళ్ళు చల్లాడు. పుంజు కదల్లేదు. మళ్ళీ చల్లాడు. బస్సు కోసం నిలబడ్డ పెద్దమనిషిలా అటూ ఇటూ చూసింది తప్ప ఈకైనా విదల్చలేదు. వెనక గుసగుసలు మొదలయ్యాయి. చూసినావా అన్నట్టు గంగులమ్మ కోడలి వైపు తిరిగింది.

మునిరత్నమ్మకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. పుంజును చంకలోకి తీసుకుని గుడికి ఎదురుగా నిలబడింది.

"పోయిన ఏడు ఈ ఊళ్ళో నీ పేర ఇడిసిన పుంజులన్నీ తెగులొచ్చి సచ్చినాయే, అవి నీకు సేరినాయా తల్లీ? మేమే గదా గుంతలో పూడ్సింది. నీ సొత్తును బతికించుకోనీకి నీకే మనసు రాకుంటే మేమేం సేసేది?"

ఎవరూ ఆపేలోపే దాని కంట్లో చుక్క వేసి కిందికి దించింది. తప్పు చేశానేమోనని రెండు చెంపలూ వేసుకుంది. పుంజు కన్ను మూసింది, తెరిచింది. మెడ సాచి, తల నుంచి తోక దాకా ఒళ్ళంతా ఒక్క దులుపు దులిపింది. పసుపునీళ్ళు ఎగిరి పూజారి ముఖాన, గంగులమ్మ చీర మీద పడ్డాయి. గుడి ముందు గోవిందలు మోగిపోయాయి.

మునిరత్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. ఏడుస్తూనే జయంతి దగ్గరికి పోయింది. ఊరి నోళ్ళన్నీ మూయించే మనిషే గానీ అబద్ధం కడుపులో దాచుకోలేదు.

"సుక్క పడితే ఏ కోడైనా దులుపుకుంటాది మేడం. ఇన్నాళ్ళూ సూస్తానే ఉండాను గదా," అంది గొంతు తగ్గించి.

జయంతి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. పక్కనే నిలబడి చీర మీది పసుపు తుడుచుకుంటున్న గంగులమ్మ ఆ మాట వినేసింది.

"అయితే నువ్వు సుక్కేసిన కోళ్ళన్నిట్నీ అమ్మ అప్పుడే ఒప్పుకునిందని గదమ్మే అర్థం. నిలబడి ఏడుస్తావేంది, పెట్టె ఎత్తుకో," అంది.

అని కొంగు నడుముకు దోపుకుని, కోమలి ఇంటి గంప తన చేత్తోనే ఎత్తడానికి ముందు నడిచింది.