ఎడమకు మారిన స్టీరింగు

ఒమాన్‌లోని బర్కాలో మా గ్యారేజీకి ఆ కారు ట్రక్కు మీద వచ్చింది. గుండ్రటి హెడ్‌లైట్లు, లేత ఆకుపచ్చ రంగు, కుడివైపు స్టీరింగు. మా అర్బాబు, అంటే గ్యారేజీ యజమాని, దాని చుట్టూ చిన్నపిల్లాడిలా తిరిగాడు. వాళ్ల నాన్న జాంజిబార్‌లో నడిపిన కారట. అక్కడి చుట్టాల షెడ్డులో ఏళ్లుగా పడి ఉంటే ఓడలో తెప్పించాడు.

"మా అమ్మ డ్రైవింగు నేర్చుకున్నది దీని మీదే. ఇక్కడి రోడ్డు మీద ఆవిడ మళ్లీ నడపాలి. ఇక్కడ బండ్లు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి కదా, స్టీరింగు ఎడమకు మార్చు" అన్నాడు హిందీలో.

జగిత్యాల నుంచి వచ్చి ఇక్కడ చాలా బండ్లు బాగుచేశాను గానీ, ఇలాంటి పని ఎప్పుడూ తగల్లేదు. భయపడాల్సింది పోయి సంబరపడ్డాను.

నేనూ, మా నిజామాబాద్ వెల్డరూ పనికి దిగాం. డాష్‌బోర్డు ఊడదీశాం. పెడళ్లను ఎడమకు జరిపాం. స్టీరింగు బాక్సును తిరగేసి అటువైపు బిగించాం. ముందు చక్రాలను జాకీ మీద లేపాక, వెల్డర్ సీట్లో కూర్చుని స్టీరింగు కుడికి తిప్పాడు. చక్రాలు ఎడమకు తిరిగాయి!

"అన్నా, గిదేందే! నేను గిటు తిప్పితే అది గటు పోతుంది!"

"మల్లొక్కసారి తిప్పు."

మళ్లీ అంతే. ఇద్దరం పొట్టలు పట్టుకుని నవ్వాం.

బాక్సును తిరగేస్తే దాని నడక కూడా తిరగబడింది. ఎడమ స్టీరింగుకు చేసిన బాక్సే కావాలి. అర్బాబు తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేశాడు. సూర్‌లో ఒక ముసలాయన పెరట్లో అదే మోడల్, ఎడమ స్టీరింగుది, మూలన పడి ఉందని తెలిసింది. ఆ శుక్రవారమే అర్బాబూ నేనూ వెళ్లాం. బండి కింద దూరి బాక్సు విప్పి చూశాను. పైన తుప్పు, లోపల మాత్రం గ్రీజులో పళ్లచక్రాలు నిగనిగలాడుతున్నాయి.

"దొరికింది!" అని తెలుగులోనే అరిచాను. అర్బాబుకు అర్థమైపోయింది.

బాక్సు బిగించాక వాళ్లమ్మను తీసుకొచ్చాడు. ఆవిడ అలవాటుగా కుడి తలుపు తీసి, నవ్వుకుని, ఎడమకు వచ్చి కూర్చుంది. పక్కన కొడుకు, వెనక నేను. ఖర్జూరం తోటల మధ్య మట్టి బాటలో బండి కదిలింది. గేరు కోసం ఆవిడ ఎడమ చెయ్యి మాటిమాటికీ తలుపును తాకుతోంది. మలుపు దగ్గర నేను ఊపిరి బిగబట్టాను. స్టీరింగు కుడికి, బండీ కుడికి!

బాట చివర బండి ఆపి, ఆవిడ స్వాహిలీలో ఏదో అంది. అర్బాబు నా వైపు తిరిగాడు.

"దిగమంటోంది."

"ఎందుకు? ఏమైంది?" అన్నాను గాభరాగా.

"నిన్ను కాదు, నన్ను! నువ్వు ముందు కూర్చోవాలట."