డయల్ మీద పక్షి

మా ఆయన బెజవాడలో ఒక పత్రికాఫీసులో ప్రూఫ్ రీడర్. ఆ ఉద్యోగం ఆయనకు అన్నంతోపాటు ఒక పిచ్చి కూడా పెట్టింది. ఏ అక్షరం కనబడినా దాని ఒంపులు, కాళ్ళు చూడకుండా వదిలేవారు కాదు. వాచీల మీది అక్షరాలు కూడా.

మామగారు బందరు నుంచి వెళ్ళి ఓడల్లో వంటపని చేసిన మనిషి. ఏదో విదేశీ రేవులో తన జీతంతో ఒక స్విస్ వాచీ కొనుక్కున్నారట. పోయేముందు దాన్ని కొడుకు చేతికి ఇచ్చారు. కీ ఇచ్చే వాచీ. డయల్ మీద పన్నెండు అంకె కింద రెక్కలు చాచిన చిన్న పక్షి. అది ఆ కంపెనీ గుర్తు.

పక్షి అన్ని కాలాల్లోనూ ఒకేలా ఉండదని నాకు భూతద్దం ఇచ్చి ఆయనే చూపించారు. మామగారి వాచీనాటి పక్షిని సిరాతో అచ్చువేసేవారు, రెక్కలో ఈకలు విడివిడిగా కనబడతాయి. తర్వాతి వాచీల్లో ఈకలు కలిసిపోయి రెక్క నున్నగా అయింది. ఇంకా తర్వాత అచ్చు మానేసి లోహపు పక్షిని అతికించారు. డూప్లికేట్లు చేసేవాళ్ళకు ఈ వరస పట్టదు. పాత డయల్ మీద కొత్త పక్షిని వేసేస్తారు. కంపెనీ పేరులో అక్షరాల కాళ్ళు మొద్దుగా వస్తాయి.

తొంభైల్లో గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ళు అలాంటి వాచీలు చాలా తెచ్చేవారు. ఆదివారం చర్చి అయ్యాక మా వరండాలో ఎవరో ఒకరు వాచీ చూడమని చెయ్యి చాచి కూర్చునేవారు. ఒకసారి కంకిపాడు నుంచి ఒక రైతు వచ్చారు. అల్లుడు దుబాయి నుంచి పంపిన వాచీని మురిపెంగా చూపించి, అసలుదేనా అని అడిగారు. మా ఆయన చూసి, డూప్లికేటని చెప్పేశారు. ఆ పెద్దాయన వాచీ జేబులో వేసుకుని వెళ్ళిపోయారు. ఆ మాట చెప్పకపోతే ఏం పోయిందని నేను కోప్పడ్డాను.

"అడిగాడు కదా. అడిగినవాడికి అబద్ధం చెబితే ఇంక నేను చూసి ఏం లాభం?" అన్నారు.

తర్వాత షుగర్ ఆయన కళ్ళకు వచ్చింది. లేజర్ పెట్టించాం, సూదులు వేయించాం. ముందు చిన్న అక్షరాలు పోయాయి, తర్వాత పెద్దవి. ఆఫీసువాళ్ళు మర్యాదగానే ఇంటికి పంపారు. కొన్నాళ్ళకు ఎదుట నిలబడింది నేనో పక్కింటావిడో మాట వింటేగాని పోల్చుకోలేని స్థితికి వచ్చారు. వాచీని మాత్రం చేతికి పెట్టుకునే ఉండేవారు. చెవి దగ్గర పెట్టుకుని వినేవారు.

ఒకరోజు అది ఆగిపోయింది. బీసెంట్ రోడ్డులో ఒక కొట్టుకు ఇస్తే, మద్రాసు పంపి బాగుచేయించి తెస్తామన్నారు. చాలా వారాలకు వచ్చింది. తళతళలాడుతోంది. ఇంటికి తెచ్చి, అలవాటుగా భూతద్దం పెట్టి చూశాను. రెక్కలో ఈకలు లేవు.

చెప్పకుండా ఉండవచ్చు, ఆయనకు కనబడదు. కానీ ఆయన అప్పటికే చెయ్యి చాచి, "ఎలా ఉంది?" అని అడిగారు.

"పక్షి మారిందండీ," అన్నాను.

ఆయన మంచం మీద లేచి కూర్చున్నారు. అచ్చువేసిందా, అతికించిందా అని అడిగారు. అచ్చేనన్నాను. అక్షరాల కాళ్ళు చూడమన్నారు. చూశాను. ఒకసారి మొద్దుగా అనిపించాయి, ఇంకోసారి బాగానే ఉన్నాయనిపించింది. నాకు తెలియడం లేదని చెప్పాను. ఆయన అరచెయ్యి చాచి పక్షిని గీయమన్నారు. వేలితో గీశాను. మళ్ళీ గీయమన్నారు. నేను ఎన్నిసార్లు గీసినా ఆయనకు పక్షి రూపం అందలేదు. చివరికి చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

కొట్టుకు వెళ్ళి అడిగాం. పాత డయల్ తుప్పు పట్టిందని, కంపెనీవాళ్ళే కొత్తది వేశారని, పాతది తిరిగి ఇవ్వరని అన్నారు. అలా జరుగుతుందని మా ఆయనకూ తెలుసు. అలా చెప్పి మోసం చేస్తారనీ తెలుసు. వన్‌టౌన్‌లో ఒక పాత రిపేరతని దగ్గరికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. అతను వెనక మూత తీసి, లోపల మిషను కంపెనీదేనన్నాడు.

"కానీ చెడిపోయిన వాచీల్లోంచి తీసి వేస్తుంటారండీ. ఇది మీ నాన్నగారిదేనని నేనెలా చెప్పను? మూత మీద నంబరుంటుంది, రాసుకున్నారా?"

రాసుకోలేదు. కళ్ళున్న రోజుల్లో ఆయనకు ఆ అవసరమే తోచలేదు.

ఆటోలో వస్తూ ఆయన ఒక్కమాటే అన్నారు. "నాకు ఒక్క నిమిషం చూపొస్తే చాలు. చెప్పేద్దును."

ఆ తర్వాత వరండాలోకి రావడం మానేశారు. వచ్చినవాళ్ళకు ఒంట్లో బాగాలేదని చెప్పి పంపేదాన్ని. వాచీని చేతికి పెట్టుకోలేదు, పారేయనూ లేదు. దిండు కింద ఉంచుకుని గోటితో అద్దాన్ని గీకుతుండేవారు. అన్నం తింటూ మధ్యలో, "ఈకలు అసలే లేవా?" అనేవారు. లేవని చెప్పేదాన్ని. మొదట్లో ఓపికగా చెప్పాను. తర్వాత ఏడుస్తూ చెప్పాను. ఇంకా తర్వాత వట్టి మాటగా చెప్పాను.

రెండేళ్ళు తిరగకుండా మూత్రపిండాలు పోయి ఆసుపత్రిలోనే కన్నుమూశారు. పెట్టెలో పడుకోబెట్టేముందు తెల్లచొక్కా తొడిగాం. మా అమ్మాయి దిండు కింద నుంచి వాచీ తెచ్చి, నాన్న చేతికి పెడదామా అని అడిగింది. అది మామగారి వాచీయే అయితే ఆయనతో పంపాలి. కాకపోతే, బతికినంతకాలం డూప్లికేటును దగ్గరికి రానివ్వని మనిషి చేతికి దాన్ని ఎలా కట్టను? అందరూ నా వైపు చూస్తున్నారు. పాస్టరుగారు బైబిలు మూసి ఆగారు.

"నాకు తెలియదమ్మా," అన్నాను.

అమ్మాయి వాచీని తన పర్సులో వేసుకుంది. ఆయన చొక్కా చేతికి గుండీ పెట్టి, పెట్టె మూయమన్నాను.